అతిథి కుప్ప

సభకు అధ్యక్షత వహిస్తున్న కమిషనర్ హాలరన్ గారికి, పాస్టర్ ఇయోసెఫో గారికి, ముందు చాపల మీద కూర్చున్న పెద్దలకు, వంటసాల వదిలి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, స్తంభాల అవతల నిలబడి వింటున్నట్టు నటిస్తున్న కుర్రకారుకు, నుకుఫాలా దీవి అధిపతిగా పెనెతితో అనే నేను చేస్తున్న ఆఖరి నమస్కారం.

ఆఖరి అన్నది మాటవరసకు అనలేదు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కడం మన తాతల నాటి నుంచీ ఆనవాయితీ. ఈసారి నాతోపాటు కుర్చీ కూడా దిగిపోతోంది. మన ఫోనో, ఇన్నాళ్ళూ ఈ పందిట్లో కూర్చుని మన మంచిచెడ్డలు తేల్చిన పెద్దల సభ, రేపటితో రద్దు. ఇకమీదట పెద్ద దేశం పంపే పాలనాధికారి మనల్ని ఏలుతారు. కమిషనర్ గారు ఆ ఉత్తర్వు చదువుతూ రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. వారు మంచివారు. వారి మీద నాకు కోపం లేదు. (ఆగి) అబద్ధం, కొంచెం ఉంది. (నవ్వులు) దుబాసీ అమ్మాయీ, ఇది కూడా వారికి చెప్పు, మింగెయ్యకు. (నవ్వులు)

నాకు పూలదండలు వేశారు, గవ్వల దండలు వేశారు, కమిషనర్ గారు గోడ గడియారం బహూకరించారు. వేళకు వెళ్ళవలసిన చోటు ఇక లేని మనిషికి గడియారం ఇవ్వడంలో వారి ఉద్దేశం మంచిదేనని నమ్ముతూ, వారికి నా కృతజ్ఞతలు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడు మనం ఓటు వేశాం. మన ఏలుబడి మనకే కావాలనుకున్న వాళ్ళు సముద్రపు డేగ బొమ్మ ఉన్న పెట్టెలోనూ, ఇప్పుడున్నట్టే పెద్ద దేశం కింద ఉండాలనుకున్న వాళ్ళు ఆ దేశం జెండా ఉన్న పెట్టెలోనూ కాగితం వెయ్యాలన్నారు. డేగ పెట్టెలో మూడింట రెండు వంతులు పడాలన్నది షరతు. ఊరంతా డేగ వైపే ఉందని మనందరికీ తెలుసు. పాస్టర్ గారు ముందురోజే కృతజ్ఞతా ప్రార్థన కూడా రాసిపెట్టుకున్నారు. ఔనా, కాదా? తల వంచుకుంటే ఎలాగండీ? (నవ్వులు) తీరా లెక్క తేలాక, ఒక్క పడవలో పట్టేంత మంది తగ్గారు.

ఎవరు ద్రోహం చేశారా అని నేను నెలల తరబడి ఇల్లిల్లూ తిరిగాను. చివరికి మా అక్క లుపే, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, పులక దుంప చెక్కు తీస్తూ, "జెండా పెట్టెలో వేసింది నేనేరా" అంది. ఎందుకక్కా అంటే ఏమందో తెలుసా?

"పాపం ఆ కమిషనరు అంత దూరం నుంచి పడవలో వాంతులు చేసుకుంటూ వచ్చాడు కదరా! ఆయన పెట్టె ఖాళీగా కనబడితే ఎంత చిన్నబోతాడు! మీరంతా డేగకి వేస్తారుగా, నేనొక్కదాన్ని ఇటేస్తే ఏం పోయిందిలే అనుకున్నా."

(నవ్వులు) నవ్వండి, నేనూ ముందు నవ్వాను. తరువాత పక్కింటి సలోటెని అడిగితే, "నేనొక్కదాన్నే అనుకున్నానయ్యా" అంది. పడవలు చెక్కే ఫిలిపో, "నేనొక్కడినే అనుకున్నా పెద్దయ్యా" అన్నాడు. ఈ పందిట్లో ఇప్పుడు నవ్వకుండా కూర్చున్న వాళ్ళందరూ ఆ ఒక్కళ్ళే.

కమిషనర్ గారూ, మేం పడవల్లో తెచ్చిన చేపలన్నీ ఇసుక మీద పోసి, ఇంటికో కుప్ప పెట్టి, పేర్లు పిలుస్తాం. వేటకు వెళ్ళినా వెళ్ళకపోయినా అందరికీ కుప్ప ఉంటుంది. అతిథికీ ఉంటుంది. అతిథి కుప్ప ఖాళీగా ఉండడం మాకు చావుతో సమానం. మీరు ఆ పెట్టెను పెట్టె అనుకున్నారు, మావాళ్ళు కుప్ప అనుకున్నారు. మీ రాజధానిలో మాత్రం, ఈ జనానికి తమను తాము ఏలుకోవాలని లేదు అని రాసుకున్నారు, ఆ మాట మీదే ఫోనోనూ రద్దు చేశారు. నేను మూడు విన్నపాలు పంపితే, లెక్క లెక్కే అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది.

దిగిపోయే అధిపతి చివరి పంపకం తన చేత్తో చెయ్యడం మర్యాద కనుక, ఈ ఉదయం నేనే పంచాను. అతిథి కుప్ప చోట మాత్రం చేప వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. మీరందరూ చూశారు. అప్పుడు మా అక్క మోకాళ్ళు పట్టుకుని లేచి, తన కుప్పలోని పెద్ద చేపను తీసి అక్కడ పెట్టి, ఇసుక దులిపి, "కోపమొస్తే నన్ను తిట్టరా, ఇంటికొచ్చినోళ్ళ మీద చూపించకు" అంది.

నా దేశాన్ని పోగొట్టింది ఆ చెయ్యే. నాకు అన్నం పెట్టిందీ ఆ చెయ్యే. దాన్ని తిట్టలేకపోయాను. ఏడుపు వచ్చింది, సముద్రం వైపు తిరిగి ఏడ్చాను. అక్కా, నువ్వు చేసింది తప్పు కాదని నేను అనను. ఆ తప్పు చెయ్యని దీవిలో బతకాలని మాత్రం నాకు లేదు.

ఇంకొక్క మాట. పంపకంలో పేర్లు పిలిచే కెలీ ఇందాక నా చెవిలో, "పెద్దయ్యా, రేపట్నుంచి ఫోనో పేరు పిలవాలా, మానెయ్యాలా?" అని అడిగాడు. అందరి పేర్లూ అయ్యాక చివరగా ఫోనో కుప్పకు పిలుపు, అధిపతి లేచి 'ఉన్నాం' అనడం మన పద్ధతి. దానికి జవాబు అందరి ముందూ ఇప్పుడు చెబుతున్నాను. పిలువు కెలీ. ఆ చేపలు ఎవరికి అవసరమైతే వాళ్ళు వండుకోండి, పేరు మాత్రం పిలవండి. నేను లేవను, లేచే హక్కు నాకు లేదు. ఎవరూ పలకరు. ఆ పలకని క్షణం కొత్త పాలనాధికారి గారు రోజూ పక్కనే నిలబడి వినాలి. వారి కుప్ప వారికి ఉంటుంది, దానికి మా అక్క పూచీ.

ఇంతసేపు ఓపిక పట్టిన మీ అందరికీ, మాట మింగకుండా చెప్పిన దుబాసీ అమ్మాయికీ, నన్ను మోసిన ఈ ఇసుకకూ దండం పెట్టి, సెలవు.