తాళం లాగి చూసిన ఆవిడ

ఎడిటింగ్ గదిలో, తెర మీద రాకాసి బల్లి పాదం ఓ అపార్టుమెంటు పైన ఆగి ఉంది. నిర్మాత కూర్చోకుండానే ఎడిటర్ మీద విరుచుకుపడ్డాడు.

"నిన్న ట్రయల్ షో చూశావుగా! ఈ బిల్డింగు కూలగానే ఈలలు మోగాల్సింది పోయి హాలంతా చప్పబడిపోయింది. ఆ ముసలావిడ షాటు తీసెయ్యి."

"చప్పబడలేదు సార్, ఊపిరి బిగబట్టారు! నెత్తి మీదికి పాదం దిగుతుంటే ఆవిడ ఇంటికి తాళమేసి, పడిందో లేదోనని లాగి చూసుకుంటుంది. మన సినిమా మొత్తంలో మనిషిలా కనిపించేది ఆవిడొక్కతే."

"జనం వచ్చేది బల్లిని చూడ్డానికయ్యా, తాళాన్ని కాదు!"

"ఖాళీ అట్టపెట్టెల్ని తొక్కే బల్లి ఎంత పెద్దదైతే ఏం లాభం సార్? ఎవడు భయపడతాడు? పోయిన వేసవి సినిమాలో మూడు ఊళ్లు కూల్చాం. అందులో ఒక్క ఇల్లైనా గుర్తుందా మీకు?"

"నాకు పాఠాలు చెప్పకు. తీసెయ్యమన్నానా, తీసెయ్. అంతే!"

"మీ సినిమా, మీ ఇష్టం. ఇదిగో, తీసేశాను."

నిర్మాత తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"అవునూ, ఇంతకీ ఆవిడ బయటపడిందా?"

"మీకెందుకు సార్? ఆ బిల్డింగులో ఇప్పుడెవరూ లేరుగా!"