తడపని బట్ట

దీపాలు వేసే వేళకే ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలో కూలబడ్డ భర్తను చూడగానే ఆమెకు సంగతి సగం అర్థమైంది. ఆయన టైలరింగు షాపులో కటింగు మాస్టరు.

“మళ్ళీ ఓనరుతో గొడవా?”

“మానేశానే. మెళ్ళో టేపు తీసి బల్ల మీద పడేసి వచ్చేశా.”

“అయ్యో, ఏమన్నాడేంటి?”

“బట్ట తడిపి ఆరేస్తే గానీ కత్తెర పెట్టను కదా నేను. టైం లేదు, అట్నే కోసెయ్యమన్నాడు. ఒక్క ఉతుక్కే చొక్కాలన్నీ కురచైపోయాయి. బట్టిచ్చినాయన వచ్చి కేకలేస్తే, నన్ను చూపించి, మా మాస్టరుకి వయసైపోయిందండీ అన్నాడు.”

“బట్టని ముంచనివ్వకుండా మిమ్మల్ని ముంచాడన్నమాట. మీరేమన్నారు?”

“ఏమంటాను? అందుకే టేపు పడేసి వచ్చేశా.”

“పోనీ, సర్దుకోకూడదూ? ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారండీ?”

“రేపొచ్చి ఆ బట్టిచ్చినాయన ముందు తప్పు నాదేనని ఒప్పుకుంటే మళ్ళీ రానిస్తాట్ట. ఒప్పుకున్నాననుకో, ఇక ఈ ఊళ్ళో నన్ను నమ్మి బట్ట ఎవరిస్తారు చెప్పు? అయినా నువ్వెళ్ళమంటే వెళ్తా. నాకు కొట్లాడే ఓపిక లేదే.”

ఇంతలో ఆయన ఫోను మోగింది. ఓనరే. ఆయన కదల్లేదు. ఆమే తీసింది.

“ఆఁ, చెప్పండి... ఆయన పడుకున్నారండీ... లేదండీ, లేపను. రేపు కూడా లేపను. చెయ్యని తప్పు ఒప్పుకోడానికి నిద్ర లేపి పంపలేనండీ... ఉంటాను.”

ఫోను పక్కన పెట్టి, ఆమె మంచం మీద దుప్పటి దులిపింది.

“లేవండి, లేచి నిజంగానే పడుకోండి. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకండి.”