ఆయన పేరున్న గుంట

కోట దగ్గరి రొయ్యల గుంటల్లో కరెంటు పోయి వచ్చిందని గూడూరు బస్టాండులో ఉన్న కోడలికి తెలిసింది. నీటికి గాలినిచ్చే చక్రాలు ఆగితే రొయ్యలు బతకవు. వెంటనే అత్తకు ఫోన్ చేసింది.

"అత్తా, కంప్యూటర్ ఆగి లేచింది గదా, రొయ్యలున్న గుంట పేరు మరిచిపోయుంటాది. చక్రాలు తిప్పేదానికి నేను రాసిన స్క్రిప్టు ఆ పేరు అడిగిందా?"

"అడిగింది."

"పేరు కొట్టినావా?"

"కొట్టలా. ఉత్త ఎంటర్ నొక్కినా."

"అయ్యో, ఎందుకత్తా?"

"ఆ గుంటకి మీ మామ పేరు పెట్టి, నన్ను కొట్టమంటే ఎట్టమ్మే? ఆయన ఉన్నప్పుడే నేను పేరు పలకలా."

కోడలు బెంచీ మీంచి లేచింది.

"మరి చక్రాలు?"

"అన్నీ తిరగతన్నాయి. రొయ్యల్లేని గుంటలో గూడా."

కోడలు మళ్లీ బెంచీ మీద కూలబడి నవ్వేసింది. కంప్యూటర్ గుంట పేరు ఉంచుకునే చోటు, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఖాళీగా ఉంటే అన్ని గుంటల చక్రాలకూ కమాండ్ పంపమని, పేరు పడదేమోనని ఎప్పుడో అనుమానంతో స్క్రిప్టులో రాసింది తనే. రాసిన సంగతే మరిచిపోయింది.

"బతికించినావత్తా! ఆ గుంటకి వేరే పేరు పెట్టేస్తాలే."

"వద్దమ్మా. ఆ పేరు ఉండనీ. నేను ఎంటరే నొక్కుతా."