పల్లీల పొట్లం

టొలీడోలో ఒంటరిగా ఉంటున్న వెర్నన్ తన పదిహేనేళ్ల కూతురు జోనీకి ఫోన్ చేశాడు. విడాకుల తర్వాత ఆ పిల్ల ఫోర్ట్ వేన్‌లో తల్లి దగ్గరా, ఆమె కొత్త భర్త కర్టిస్ దగ్గరా పెరుగుతోంది. వారం విడిచి వారం శని, ఆదివారాలు మాత్రం తండ్రివి.

“శుక్రవారం ఎప్పటిలాగే సగం దారిలో ఆ పెట్రోల్ బంకు దగ్గర ఉంటా. మీ అమ్మ నిన్ను దింపేసి వెళ్ళిపోవచ్చు.”

“చూద్దాంలే నాన్నా.”

“చూద్దాంలే ఏంటి? పోయినసారి జ్వరమొచ్చి ఆగిపోయావు కదా, ఈసారి దానికీ కలిపి తిరిగేద్దాం. అంతా అనుకున్నా. రాత్రికి నది తూర్పు ఒడ్డున ఆ హంగేరియన్ల కొట్లో బన్నూ సాసేజీ, పైన ఘాటుగా ఖీమా. నువ్వు చొక్కా నిండా పోసుకునేదానివే, అది.”

“అప్పుడు నాకు ఆరేళ్ళు.”

“ఇప్పుడు మాత్రం పోసుకోవా ఏంటి? శనివారం పొద్దున మ్యూజియం. కరిగిన గాజు ఊది గిన్నెలు చేసేది చూద్దాం. మధ్యాహ్నం...”

“ఫ్యాక్టరీ వాళ్ళు సెలవిచ్చారా?”

“ఎందుకివ్వరు? ఇన్నేళ్ళ నుంచి వాళ్ళకి అద్దాలు కోసి పెడుతున్నా.”

“శనివారం కూడానా?”

“శనివారం కూడా. ఏంటే, పోలీసులా అడుగుతున్నావ్? జ్వరం పూర్తిగా తగ్గిందా?”

“ఆఁ.”

“చికెన్ సూప్ తాగావా?”

“తాగా నాన్నా. తాగా.”

“మంచిది. మధ్యాహ్నం నదిలో పడవెక్కుదాం. సాయంత్రానికి...”

“బేస్‌బాల్ మాత్రం వద్దు.”

“నేనా మాటే అనలేదుగా!”

“అంటావేమోనని.”

“అనను. అసలే అనను.”

“నాన్నా, నేను రాలేను.”

“పరీక్షలా?”

“కాదు.”

“ఎవరిదైనా పుట్టినరోజా?”

“ఏం లేదు. రాలేనంతే.”

“పోనీ, గది సంగతా? ఈసారి మంచం నీకే. సోఫా మీద నేను పడుకుంటా. దుప్పట్లు కూడా ఉతికేశా జోనీ.”

“అబ్బా, అలా మాట్లాడకు.”

“ఎలా మాట్లాడాను?”

“అలాగే. మంచిగా. పోయినసారి నాకు జ్వరం రాలేదు నాన్నా.”

“పోనీలే.”

“పోనీలే కాదు, విను! కర్టిస్ ఆఫీసు వాళ్ళు బేస్‌బాల్ మ్యాచికి టిక్కెట్లిచ్చారు. ముగ్గురం వచ్చాం. జ్వరమని నీకు చెప్పి, నీ ఊరికే వచ్చా.”

“పిల్లలన్నాక సరదా...”

“నువ్వక్కడ స్టేడియం మెట్ల మీదున్నావ్. మెళ్ళో పెట్టె తగిలించుకుని, ‘పల్లీలో పల్లీలు’ అని అరుస్తూ. ఫ్యాక్టరీ పని ఎప్పుడు పోయింది?”

“చలికాలంలో. చెబుదామనే అనుకున్నా. ఎప్పటికప్పుడు... సర్లే.”

“అందరికీ పొట్లాలు దూరం నుంచే విసిరేస్తున్నావ్. ఎంత బాగా విసురుతున్నావో! ఒక్కటీ కింద పడలేదు. అమ్మ ఏదో కొనడానికి పైకెళ్ళింది. కర్టిస్ చెయ్యెత్తి నిన్ను పిలిచాడు. ఆయన నిన్నెప్పుడూ చూడలేదుగా.”

“అవును, చూడలేదు.”

“మా నాన్న అని చెప్పచ్చు. చెప్పలేదు. టోపీ కళ్ళ మీదకి లాక్కున్నా. వరస చివర్నుంచి ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళ చేతిలోకి పొట్లం నా దగ్గరికొచ్చింది. తలెత్తకుండా తీసుకుని పక్కనున్న కర్టిస్‌కి ఇచ్చేశా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని నువ్వుతికిన దుప్పటి కప్పుకోను?”

“ఏడవకు తల్లీ. ఏడవకు.”

“నువ్వు నన్ను చూళ్ళేదు కదా? చూళ్ళేదని చెప్పు నాన్నా.”

“ఊరందరికీ విసిరినవాణ్ణి, ఒక్క మీ వరసకే చేతుల మీదుగా ఎందుకు పంపానే? విసిరితే ఆయన చేతిలో పడేది. ఇలాగైతే, నేను పట్టుకున్నది ఒక్కసారి నువ్వూ పట్టుకుంటావని.”