రోజ్‌వుడ్ మహిమ

శనివారం సాయంత్రం. నర్సీపట్నం చర్చిలో పాటల ప్రాక్టీసు అయిపోయింది. మైకులూ మిక్సరూ చూసుకునే రిటైర్డ్ లెక్చరర్ క్రీస్తురాజు మాస్టారు వైర్లు చుడుతున్నారు. గిటారు వాయించే జాన్ ప్రసాద్ ఆయన వెనకాలే తిరుగుతున్నాడు.

“ఈ గిటారు మెడ మీద సెక్క ఊడదీయించీడమే మాస్టారూ. రోలుగుంట లచ్చన్నకి ఫోన్ చేసీసేను. ఇస్త్రీపెట్టి వేడిచేసి అద్దితే బంక వదిలీసి సెక్క లేచొచ్చీస్తాదంట.”

“లచ్చన్న తలుపులు చేసేవాడు కదయ్యా.”

“మేపుల్ తీసి ఈ రోజ్‌వుడ్ అతికించింది ఆడే కదండీ.”

“అప్పుడంటే మెడ విరక్కుండా బతికిపోయింది. రెండోసారి కూడా... ఆ వైరు కొస ఇలా ఇయ్యి.”

“విరిగితే విరుగుద్ది. ముసురుకి ఈ సెక్క సెమ్మ పట్టీసింది. ఎబోనీ ఏయించీస్తాను. ఆటో దొరికితే ఇప్పుడే ఎల్లిపోతాను.”

“కూర్చో, కూర్చో. అంత కొంపేటి మునిగింది?”

“సంఘపెద్ద మన్మథరావుగారు ఏటన్నారో మీరు ఇన్లేదా? మొన్న ఆదివారం మెట్ల మీద, అందరి ముందూ... ‘ఏటి ప్రసాదూ, మళ్లీ ఆ పాత సెక్కే ఏయించీసేవా’ అని. ఇంకోసారి ఇలాగే వాయిస్తే బెంచీ మీద కూకుని పాడుకోమన్నారు.”

“ఆయనకి చెక్కల సంగతేం తెలుసు? నువ్వే కదా ఊరంతా చెప్పేవు, మేపుల్‌ది కరుకు, రోజ్‌వుడ్‌ది తీపి అని.”

“అబద్ధమా మరి? మేపుల్ ఉన్నప్పుడు మూకుడు గోకినట్టుందన్నారు. రోజ్‌వుడ్ ఏయించిన మొదటి ఆదివారం నుంచీ ఒక్కరంటే ఒక్కరు మాటనలేదు. మన్మథరావుగారు ప్రార్థనలాగుందన్నారు. పాస్టరమ్మగారయితే, ‘ఉన్నట్టే తెలీడం లేదు నాయనా, అంత హాయిగా ఉంది’ అన్నారు.”

“అన్నారు. నేనూ విన్నాను.”

“ఏడాదిపాటు ఉన్న తీపి ఒక్క ఆదివారంలో ఎలాగ పోద్దండీ? నా కాళ్ల దగ్గర స్పీకర్లో నాకు ఎప్పట్లాగే ఉంది. జనానికే తేడా వచ్చీసింది.”

“ఎలక్ట్రిక్ గిటారుకి శబ్దం తీగల కింద అయస్కాంతాల్లోంచి కదా వచ్చేది? వేళ్ల కింద చెక్క...”

“మీరు ఫిజిక్స్ సెప్తన్నారు. నేను ఫీలింగ్ సెప్తన్నాను.”

“సరే. అందరూ బాగాలేదనే అన్నారా?”

“ఆర్నెల్ల కిందట మన సంఘంలో సేరిన కెజియా ఒకర్తి మిగిలింది. వెనక బెంచీలోంచి లేచొచ్చి, ‘చాలా బాగుందండీ, మీరు ఈ వారమే చేరేరా’ అంది. రెండేళ్లనుంచి వాయిస్తన్నాను మాస్టారూ! అంతకంటే తిట్టినా బాగుణ్ను.”

“అది తిట్టు కాదు బాబూ.”

“మరేటి? మీరే సెప్పండి. మీకెలాగుంది?”

“నాకా? నాకు బాగుంది. మా ఆవిడ పోయేక ఇంట్లో గడియారం కొట్టుకున్నా నాకు తోడులాగే ఉంటాది.”

“గడియారంతో పోల్చీసేరా. అయిపోయింది. ఎల్తాను, ఆటోలు ఆగిపోతాయి.”

“ప్రసాదూ. ఆగు. గిటారు ఇలా బల్ల మీద పెట్టు.”

“బేగి సెప్పండి మాస్టారూ.”

“లచ్చన్నకి రావటం లేదని చెప్పెయ్యి. చెక్కకేం కాలేదు.”

“సెక్కకి కాకపోతే ఎవరికయ్యిందండీ?”

“నాకు. చేసిన పనికి మనసు ఒప్పలేదు. నువ్వు రోజ్‌వుడ్ వేయించిన వారమే పెద్దలందరూ వచ్చి చెప్తే మిక్సర్లో నీ గిటారు సౌండు మీట కిందికి లాగీసేను బాబూ. మొన్న ఆదివారమే పైకి తోసేను.”