గార్డు లేని గడ్డి మిషన్

నా పేరు, చిరునామా మీరు పైన రాసుకున్నవే. వయసు యాభై రెండు. ఆస్పత్రి తోటలో ఇరవై ఒక్క ఏళ్లుగా పని చేస్తున్నాను. అందరూ తోట మేస్త్రీ అంటారు. గత నెల తొమ్మిదో తేదీన మీ ముందు ఒక వాంగ్మూలం ఇచ్చాను. అది అబద్ధం. ఈ రోజు నన్నెవరూ స్టేషనుకి పిలిపించలేదు, నా అంతట నేనే వచ్చాను.

ముందు ఆ మిషన్ ఎలా కొన్నామో చెప్పాలి. గడ్డి కోసే పాత పెట్రోలు మిషన్ మూలపడితే, మంచిది చూసి ఎంపిక చెయ్యమని మా ఆఫీసు మేనేజరు నాకు అప్పగించారు. తోట విషయాల్లో నా మాటకు తిరుగు లేదు. షాపు వాళ్లు రెండు మిషన్లు ఇచ్చి, వాడి చూసి ఒకటి ఉంచుకోమన్నారు. ఒకటి బరువైనది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా రెండోసారి తాడు లాగేసరికి స్టార్టయ్యేది, ఎంతసేపు నడిపినా ఆగేది కాదు. ఇంకోటి తేలిక. తడిగడ్డి తగిలితే చుట్టుకుపోయి ఆగిపోయేది. నమ్మదగింది బరువైనదేనని మొదటి పూటే తెలిసింది. కానీ ఏడాదిగా నా కుడి భుజం సరిగా లేవడం లేదు. ఆ బరువు మిషన్ భుజానికి తగిలించుకుని పది నిమిషాలు నిలబడలేకపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీ పని అయిపోయిందనుకుంటారని నామోషీ.

ఏది తొందరగా కోస్తే అదే ఉంచుకుందామని మేనేజరు అంటే, లాండ్రీ వెనక ఖాళీ జాగాలో రెంటికీ పోటీ పెట్టాం. తాడు కట్టి గడ్డిలో రెండు సమానమైన పట్టీలు నేనే కొలిచాను. టైము చూసింది మేనేజరు. బరువైన మిషన్‌తో నా బామ్మర్ది కోశాడు. అతనూ మా తోటలోనే పని చేస్తాడు, వయసు ముప్పై ఆరు. అతనికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. తర్వాత నా వంతు. మేనేజరు ఫోను వచ్చి అవతలికి వెళ్లారు, బామ్మర్ది మంచినీళ్లకు వెళ్లాడు. ఆ సందులో నేను తేలిక మిషన్ గార్డు విప్పి గోనెసంచిలో పెట్టాను. రెండే స్క్రూలు. గార్డు అంటే, గిర్రున తిరిగే నైలాన్ తీగ వెనక ఉండే ప్లాస్టిక్ అడ్డు. రాళ్లు ఎగిరి రాకుండా ఆపుతుంది. తీగ ఎక్కువ పొడవు రాకుండా కోసే చిన్న బ్లేడు కూడా దానికే ఉంటుంది. అది తీసేస్తే తీగ పొడవుగా తిరుగుతుంది, ఒక్క ఊపుకి బోలెడంత గడ్డి పడుతుంది. పదకొండు నిమిషాల్లో కోసేశాను. మేనేజరు గడియారం చూశారు, మిషన్ చూడలేదు. నీ చెయ్యి పడితే అంతే మేస్త్రీ అన్నారు. పదకొండు నిమిషాలని ఫైల్లో రాసి నా చేత సంతకం పెట్టించారు. తేలిక మిషనే ఉంచుకున్నాం.

గార్డు మళ్లీ బిగిస్తే మిషన్ అసలు రంగు బయటపడుతుంది. అందుకని బిగించలేదు. రోజూ దాంతో కోసేది బామ్మర్దే, అతను సెలవు పెడితే నేను. మొదటి రోజే అడిగాడు.

"గార్డేది బావా? రాయి ఎగిరితే ఎవరికన్నా తగులుద్ది."

"నువ్వు నిక్కర్లేసుకునే రోజుల్నించీ గడ్డి కోస్తున్నా. చెప్పింది చెయ్యి" అన్నాను. చేశాడు.

తొమ్మిదో తేదీ బుధవారం, ఉదయం తొమ్మిదీ నలభైకి, లాండ్రీలో పని చేసే ఆవిడ ఉతికిన దుప్పట్ల మూట ఎత్తుకుని అతని వెనక దారిలో వస్తోంది. నేను ఇరవై అడుగుల దూరంలో మొక్కలకు పాదులు చేస్తున్నాను. రాయి తగలడం చూడలేదు. ఆవిడ కింద కూర్చోవడం చూశాను. ఎడమ కంటి మీద చెయ్యి పెట్టుకుని, దుప్పట్లు మట్టిలో పడ్డాయా అని అడిగింది. పడలేదని చెప్పాను. పడ్డాయి. ఆ కంటికి ఇక చూపు రాదన్నారు డాక్టర్లు.

మధ్యాహ్నం మేనేజరు గదిలో, గార్డు ఎవరు తీశారని మీరు అడిగారు. నేను బిగించే ఇచ్చాను, తర్వాత సంగతి తెలియదన్నాను. బామ్మర్ది నా వైపు ఒక్కసారి చూశాడు.

"నేనే తీశాను సార్. పని తొందరగా అవుతుందని" అన్నాడు.

మీరు రాసుకున్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. సిగ్గు లేకుండా దాని కింద సాక్షి సంతకం పెట్టాను.

అతన్ని పనిలోంచి ఆపేశారు. కేసు రుజువైతే ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చని వకీలు చెప్పాడు. ఎందుకలా చెప్పావని నేను అతన్ని అడగలేదు. ఆ ఆదివారం మా ఇంట్లో పక్కపక్కనే కూర్చుని భోంచేశాం, అప్పుడూ అడగలేదు. బావ పరువు తీశావని నా భార్య తమ్ముణ్ని నానా మాటలూ అంది. అతను తలవంచుకుని విన్నాడు. నేనూ విన్నాను. కూర మారు వడ్డించుకున్నాను కూడా.

నిన్న సాయంత్రం ఐదింటికి కంటి వార్డులో ఆవిడను చూడడానికి వెళ్లాను. మూడు వారాల్లో అదే మొదటిసారి. బామ్మర్ది రోజూ వచ్చి పళ్లు ఇచ్చి వెళ్తున్నాడట. అతని మీద తనకు కోపం లేదని చెప్పమంది. చెబుతానన్నాను.

ఆ మిషన్ ఎంపిక చేసింది నేను. గార్డు విప్పింది నేను. అది లేకుండా కొయ్యమన్నది నేను. గార్డు మా సామాను గదిలో ఎరువు బస్తాల వెనక ఉంది, చూపిస్తాను.

నన్ను ఇక్కడికి బండి మీద తీసుకొచ్చింది బామ్మర్దే. నా సంతకం ఒకటి మిగిలిపోయిందని చెప్పి రమ్మన్నాను. ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. అంతా నేను చెప్పినట్టే ఉంది, ఈసారి ఇందులో అబద్ధం లేదు. సంతకం పెట్టే ముందు ఒక్కటి అడుగుతున్నాను. అతన్ని లోపలికి పిలిచి, నా ఎదుటే ఇది చదివి వినిపించండి. నా నోటితో చెబుదామని దారిలో రెండుసార్లు బండి ఆపించాను. రెండుసార్లూ టీ తాగుదామన్నాను.

(సంతకం)
తోట మేస్త్రీ