నీళ్లు నిలబెట్టిన స్లాబు

“అమ్మమ్మా, తాత ఎలక్షన్ల ఓడింది ఆ బడి మీదనేనా? అమ్మను అడిగితే నిన్నే అడగమంటాంది.”

ఆ బడి మీదనే. మీ అమ్మ చెప్పది, అండ్ల తన మేనమామ ఉన్నడు గద. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు, నాకేం భయం.

మీ తాత ముందుగాల సర్కారు ఇంజినీరు, హన్మకొండ సుబేదారిల ఆఫీసు. బడి కట్టుడు తన చేతిల పని, ఏ ఊర్లె కట్టాల్నో చెప్పుడు వేరేటోళ్ల చేతిల పని. బడి కావల్సిన ఊరొకటి, కట్టే ఊరింకోటి. గది చూసీ చూసీ, నేనే పోయి ఆ చెప్పేకాడ కూసుంట అన్నడు. కొలువు ఇడిచిపెట్టిండు. నేను మొత్తుకున్న, ఇనలే. నిలబడ్డడు, ఎమ్మెల్యేగ గెల్సిండు. గెల్సినంక గూడ జేబుల కొలతల టేపే. పెండ్లికి పోతే పిల్లను పిలగాన్ని చూడడు, గోడ దిక్కు చూస్తడు. నాకు సిగ్గయ్యేది.

ఆఁ, బడి. మడికొండ అవుతల ఒక ఊరున్నది, పేరెందుకు గని. ఆడ ఏడో తరగతి దాకనే. ఎనిమిదికి రెండు బస్సులు మారాలె. ఆడపిల్లలను ఎవలు పంపుతరు? మిరపకాయ ఏరుడుకు పంపేటోళ్లు. కూలి యాభయ్యో అరవయ్యో, అప్పట్ల గదే ఎక్కువ. మీ తాత కొట్లాడి హైస్కూలు తెచ్చిండు. టెండరు మా తమ్మునికి వచ్చింది. మీ తాత ఇప్పియ్యలే, వాడే ఏసుకున్నడు. ఊర్లె ఎవలన్న నమ్ముతరా చెప్పు.

మీ తాతకు ఒక అలవాటున్నది. ఏ బిల్డింగు రిబ్బను కోయాల్నన్నా, స్లాబు మీద చుట్టూ మట్టి కట్ట పోపిచ్చి నీళ్లు నిలబెట్టిస్తడు. ఒక పొద్దంత ఉండాలె. కింద తడి రాకుంటెనే రిబ్బను. తోటి ఎమ్మెల్యేలు నవ్వేటోళ్లు, మీద నాట్లేస్తవా అన్నా అని.

మా తమ్ముని స్లాబు మీద గూడ నిలబెట్టిండు. పొద్దూకేసరికి ఒక రూంల చుక్క పడ్డది. లోపల కంకరకు సిమెంటు పట్టలే, ఇయ్యాల నీళ్లు, రేపు పెచ్చులు అన్నడు. పగలగొట్టి మల్ల పొయ్యమన్నడు. ఆ వారమే మంత్రి వస్తాండు. ఎలక్షన్ల తేదీ పడకముందే ఓపెనింగు కావాలె, లేకుంటె ఓట్లు పోతయి. పార్టీ పెద్దమనుషులు ఒకటే ఫోన్లు.

తమ్ముడు నా దగ్గరికి ఉరికొచ్చిండు. సున్నం కొడ్తె కనబడదక్కా, ఎలక్షన్లు కాంగనే రిపేరు చేస్త, నువ్వు చెప్తె బావ ఇంటడు అన్నడు. మా అమ్మ పోయినంక వాన్ని సాదింది నేనే గద. అన్నం పెట్టిన. తిన్నంక, నన్ను ఆడికి తోలుకపో అన్న.

పోయినం. ఆ రూంల నిలబడ్డ. నా బుజం మీద పడ్డది చుక్క. వాని బిడ్డ గప్పుడు ఎనిమిదిలనే ఉండె, హన్మకొండల ప్రైవేటు బడిల.

“తమ్మీ, నీ బిడ్డను గీ రూంల కూసోబెడతవారా?” అన్న.

“గది వేరే అక్కా,” అన్నడు.

గంతే. ఆన్నుంచే మీ తాతకు ఫోన్ చేసిన, పగలగొట్టియ్యమని.

స్లాబు పగలగొట్టిచ్చిండు, మంత్రి రాలే. బావ బామ్మర్దులకు పైసల కాడ చెడ్డదని ఊరంత చెప్పుకున్నరు. ఆ ఊర్లెనే ఓట్లు తక్కువ పడ్డయి, చూడు. ఓడిండు.

ఓడినోడు ఇంట్ల కూసుంటడా? జూన్ వచ్చింది, స్లాబు ఇంక కాలే. ఒక్క ఏడాది ఆగితే ఆడపిల్లలు మల్ల రారని ఆయన ఫికర్. ఫంక్షన్ హాలు ఓనర్ను బతిమాలి అండ్ల క్లాసులు పెట్టిచ్చిండు. లెక్కలు తనే పోయి చెప్పేటోడు. ఆషాఢమంత మంచిగ నడిచింది. శ్రావణం రాంగనే పెండ్లిళ్లు. ఇటు బ్యాండు, స్టేజి ఎనుక రూంల తాత లెక్కలు. పిల్లలు పెండ్లన్నం తిని ఇంటికి పోయేటోళ్లు. గా దినాలల్ల ఒక్కరు గూడ బడి ఎగ్గొట్టలేదట, నవ్వకు.

దసరా దాటినంక... కాదు, దీపావళి దాటినంక బడి తెరిసిన్రు. తమ్ముడే మల్ల పోసిండు స్లాబు, గట్టిగనే పోసిండు. రాయి మీద కొత్త ఎమ్మెల్యే పేరు. నాకు కడుపు మండింది. మీ తాత రాయి దిక్కే చూడలే, సీదా రూంలకు పోయి మీదికి చూసిండు. కింద పిల్లలు కూసున్నరు. గా పిల్లలల్ల ఒకామె ఇయ్యాల ఆడనే టీచరు.

తమ్ముడు ఆనాడు గేటు కాడనే నిలబడ్డడు. లోపలికి రాలే, నా దిక్కు చూడలే. ఇప్పటికీ రాఖీకి వస్తలేడు. పోస్టుల పంపుత, కట్టుకుంటడట, మరదలు చెప్తది. నేను చేసింది తప్పని నాకైతే ఎన్నడూ అనిపియ్యలే. గని రాఖీ పున్నం వస్తే మాత్రం...

పో, ఫోన్ బందు పెట్టు. సల్లగుండు బిడ్డా, మంచిగ చదువుకో. ఈసారి పోస్టు వద్దు. రాఖీ నీ చేతికిస్త, జర నువ్వే పోయి కట్టు. వస్తనంటే తోలుకరా. రానంటే... అన్నం తిన్నడా లేదా అడిగి రా.